పిల్లల ఐసీయూలో ఉన్న బిడ్డ హార్మోన్ రిపోర్టు చేతికొస్తే ఏం చేయాలి, ఎలా చదవాలి

తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కావచ్చు, అక్కడో చిత్తూరులోనో ఏదైనా ప్రైవేటు ఆసుపత్రిలో కావచ్చు, బిడ్డను ఐసీయూలోకి తీసుకున్న ఒకటి రెండు రోజుల్లో మీ చేతికి ఒక ల్యాబు కాగితం వస్తుంది. టీ3 తక్కువ, కార్టిసాల్ ఎక్కువ, షుగర్ 240, సోడియం 126. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సాయంత్రానికల్లా బెంగళూరు నుంచి బావమరిది ఫోన్ చేసి "పాపకు థైరాయిడ్ అంట గదా బావా, షుగరు కూడా వచ్చేసిందంట" అంటాడు, ఇంట్లో అవ్వ ఏడుపు మొదలుపెడుతుంది. లోపలున్న బిడ్డకు అసలు వచ్చింది డెంగీనా, స్క్రబ్ టైఫసా, న్యుమోనియానా అనే సంగతి పక్కకు పోయి అందరూ హార్మోన్ల చుట్టూ తిరుగుతుంటారు.

పిల్లల వార్డులో పనిచేసేవాళ్లకు ఇది అలవాటైన సంగతే, అందుకే కూర్చుని రాస్తున్నా. జబ్బు బాగా ముదిరిన బిడ్డలో హార్మోన్ అంకెలు మారడం చాలాసార్లు ఆ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే గుర్తు మాత్రమే. కొద్దిమంది పిల్లల్లో మాత్రం హార్మోన్ లోపమే అసలు జబ్బు. ఆ కొద్దిమందిని పట్టుకోవడానికి కావాల్సిన సమాచారం చాలావరకు ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది, డాక్టరుకు మీరు చెబితేనే తెలుస్తుంది. కాబట్టి ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు చేయగల పని చాలానే ఉంది.

1. ఒక నోటు పుస్తకం కొనండి

ఆసుపత్రి ఎదురుగా ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. రక్తం తీసిన ప్రతిసారీ అందులో మూడు సంగతులు రాయండి: ఏ తేదీన ఎన్ని గంటలకు తీశారు, అప్పటికి బిడ్డ ఐసీయూలో చేరి ఎంతసేపైంది, ఆ సమయంలో ఏ మందులు ఎక్కుతున్నాయి. మూడోది సిస్టర్‌ను అడిగితే చెబుతారు. కాస్త తీరిక చూసి అడగండి, డ్యూటీ మారే వేళ అడిగితే ఎవరికైనా విసుగే.

ఇంత పని ఎందుకంటే, ఆ మూడూ లేకుండా హార్మోన్ అంకెకు అర్థం లేదు. బీపీ నిలబెట్టడానికి ఇచ్చే డోపమిన్, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోన్‌ను కిందికి దించుతుంది, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లూ అంతే. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తుంటే ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించొచ్చు. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్‌లోనూ, సీటీ స్కాన్ ముందు నరంలోకి ఎక్కించే రంగు మందులోనూ అయోడిన్ చాలా ఉంటుంది, పసిబిడ్డల థైరాయిడ్ ఆ దెబ్బకు కొన్నాళ్లు మొరాయిస్తుంది. పుట్టుకతో వచ్చే మెటబాలిక్ జబ్బేమో అన్న అనుమానంతో బయోటిన్ అనే విటమిన్ పెద్ద డోసులో ఇస్తుంటే ఇంకో తమాషా, కొన్ని ల్యాబు యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి, అంటే బిడ్డకు లేని థైరాయిడ్ జబ్బు కాగితం మీద పుడుతుంది.

జబ్బును తట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్, దాని విషయంలో ఇది ఇంకా ముఖ్యం. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడిన తర్వాత తీసిన రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూసి ఏమీ తేల్చలేం, ఎందుకంటే మందుగా వెళ్లిందీ ఒంట్లో పుట్టిందీ ల్యాబుకు ఒకటే. ప్రెడ్నిసోలోన్‌ను కూడా చాలా యంత్రాలు కొంతవరకు కార్టిసాల్‌గానే లెక్కేస్తాయి. డెక్సా అలా లెక్కలోకి రాదు గానీ ఒంట్లో పుట్టాల్సిన కార్టిసాల్‌నే అణిచేస్తుంది. కాబట్టి ఊళ్లో ఆర్ఎంపీ జ్వరానికని వేసిన సూది ఏంటో తెలియకపోతే, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన్ను నిందించే పని తర్వాత, ముందు మందు పేరు.

2. ఇంటి మందుల సంచి మొత్తం తెప్పించండి

ఈ గైడులో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

ఒళ్లు వాచే కిడ్నీ జబ్బు, అదే నెఫ్రోటిక్ సిండ్రోమ్, ఉన్న పిల్లలకు నెలల తరబడి వైసోలోన్, ఓమ్నాకార్టిల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. మూడు వారాలు దాటి స్టెరాయిడ్ వాడితే బిడ్డ ఒంట్లో కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేసి నిద్రపోవచ్చు, మందు ఆపిన తర్వాత కూడా అవి పూర్తిగా లేవడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. తీవ్రమైన జ్వరమో వాంతులో వచ్చినప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కార్టిసాల్ కావాలి, అది లేక బీపీ పడిపోతుంది, షుగర్ పడిపోతుంది, సెలైన్ ఎంత ఎక్కించినా లేవదు. ఇలాంటి బిడ్డకు హైడ్రోకార్టిసోన్ ప్రాణం నిలిపే మందు, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఇచ్చేస్తారు. అయితే బిడ్డకు గతంలో స్టెరాయిడ్ వాడారని వాళ్లకు తెలియాలి కదా. మన చిత్తూరు వైపు వాళ్లు ఒక జబ్బుకు వేలూరులో, ఇంకో దానికి తిరుపతిలో, జ్వరానికి పీలేరులోనో పుంగనూరులోనో చూపించుకుంటారు, ఒకరి చీటీ ఇంకొకరికి కనపడదు. వేలూరు ఫైలు ఇంట్లో బీరువాలో ఉంటే ఎవరినైనా ఇప్పుడే బస్సెక్కించి తెప్పించండి, లేదా ఫోటోలు పెట్టించండి.

సంచిలో ఇంకేం ఉండాలి? ఆస్తమాకు వాడే ఇన్‌హేలర్, ఎక్కువ డోసులో ఏళ్ల తరబడి వాడితే అదీ లెక్కే. చర్మానికి రాసే ఘాటైన స్టెరాయిడ్ క్రీములు, ముఖ్యంగా పసిబిడ్డకు డైపర్ కింద రాసినవి. ఇక ఆయాసానికి, కీళ్ల నొప్పులకు పొట్లాల్లో కట్టి ఇచ్చే నాటు పొడులు. "అది చెట్ల మందే కదా" అని చాలామంది చెప్పరు, ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. డాక్టరు తిడతాడేమో అనే భయం ఉంటే తిట్టించుకోండి, పొట్లం మాత్రం చూపించండి.

బిడ్డ మరీ చిన్నది, నెల లోపు అయితే వేరే ప్రశ్నలు. పుట్టిన ఒకటి నుంచి మూడు వారాల మధ్య వాంతులు, పాలు తాగకపోవడం, బరువు పెరగకపోవడం, ఉన్నట్టుండి షాక్‌లోకి పోవడం, రక్తంలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ: ఇవన్నీ కలిస్తే పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథి సరిగా కార్టిసాల్ చేయలేని జబ్బు గుర్తుకు రావాలి, కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అంటారు. 17-ఓహెచ్‌పీ అనే పరీక్షతో పట్టుకుంటారు. ఆడపిల్లల్లో జననాంగాలు తేడాగా కనిపించి అనుమానం రావచ్చు, మగపిల్లల్లో చాలాసార్లు ఏ తేడా కనపడదు, అందుకే వాళ్లలో తప్పిపోతుంది. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు కలిస్తే వచ్చే జబ్బు, కాబట్టి మీది మేనరికమా, అక్క కూతురిని చేసుకున్నారా, ఇంతకుముందు పసిగుడ్డుగా ఎవరైనా బిడ్డ పోయిందా అని డాక్టరు అడిగితే చిన్నబుచ్చుకోకండి. అడగకపోయినా మీరే చెప్పండి. తల్లికి థైరాయిడ్ ఉంటే అదీ చెప్పాలి.

ఇంకొకటి, పెద్దపిల్లల విషయంలో. జ్వరానికి ముందు రెండు మూడు వారాలుగా బిడ్డ నీళ్లు ఎక్కువ తాగుతోందా, రాత్రిళ్లు పక్క తడపడం మళ్లీ మొదలైందా, తిండి తింటున్నా చిక్కిపోయిందా? ఇన్సులిన్ లేక వచ్చే డయాబెటిస్ మొదటిసారి బయటపడేటప్పుడు చాలామందిలో ఆయాసంతోనే వస్తుంది, అది చూసి న్యుమోనియా అనుకోవడం సులువు.

3. థైరాయిడ్ వరసలు చదవడం

నిజమైన థైరాయిడ్ లోపంలో గ్రంథి సరిగా పనిచేయదు కాబట్టి మెదడు కింద ఉండే పిట్యూటరీ గట్టిగా కేకలేస్తుంది, టీఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది. జబ్బు ముదిరిన బిడ్డలో అలా ఉండదు. టీ3 తగ్గుతుంది, అదీ గంటల్లోనే. టీఎస్‌హెచ్ మాత్రం మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది. జబ్బు ఇంకా పెరిగితే, రోజులు గడిస్తే, టీ4 కూడా పడుతుంది. థైరాయిడ్ గ్రంథికి ఏ జబ్బూ లేకుండానే అంకెలు ఇలా మారడాన్ని యూథైరాయిడ్ సిక్ సిండ్రోమ్ అంటారు, ఇప్పుడు నాన్ థైరాయిడల్ ఇల్‌నెస్ అనే పేరే ఎక్కువ వాడుతున్నారు.

లోపల జరిగేది ఇది. టీ4ను పనికొచ్చే టీ3గా మార్చే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, టీ4ను పనికిరాని రివర్స్ టీ3గా మార్చే ఎంజైమ్ ఊపందుకుంటుంది. బోరులో నీళ్లు తగ్గిన ఏడు మన రైతు మామిడికి నీళ్లు ఆపేసి ఉన్న నీళ్లు టమాటా మడికి తిప్పుకున్నట్టు, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటోంది. మొదటి రోజుల్లో ఇది ఒంటికి మేలు చేసే సర్దుబాటే అని చాలామంది నిపుణుల అభిప్రాయం, నాకూ అదే సబబనిపిస్తుంది. దీనికి ఒక ఆధారం కూడా ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్, కెనడాల్లో 1440 మంది పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన పెపానిక్ అనే పరిశీలనలో, మొదటి వారం నరం ద్వారా పోషకాలు ఎక్కించకుండా ఆగిన పిల్లలకే ఇన్‌ఫెక్షన్లు తక్కువ వచ్చాయి, ఐసీయూ నుంచి త్వరగా బయటపడ్డారు. వాళ్లలోనే టీ3 ఇంకా ఎక్కువ పడిపోయిందని తర్వాత లెక్క తేలింది. "బిడ్డకు రెండు రోజులుగా సరిగా తిండి లేదు, ఏదైనా ఎక్కించండి" అని పట్టుబట్టే తాతలకు ఈ సంగతి చెప్పండి, కాస్త శాంతిస్తారు. (గొట్టం ద్వారా పాలు, గంజి పెట్టడం వేరు, అది వీలైనంత త్వరగా మొదలుపెడతారు.)

మరి టీ3 ఎంత పడితే అంత ప్రమాదమా? గుంపుగా చూస్తే నిజమే, టీ3, టీ4 బాగా పడిపోయిన పిల్లల్లో జబ్బు తీవ్రత ఎక్కువ, టీ4 కూడా పడితే ఇంకాస్త భయపడాల్సిందే. కానీ మీ ఒక్క బిడ్డ బతుకుతుందా లేదా అన్నది ఆ అంకె చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే నమ్మకండి.

టీఎస్‌హెచ్ 20 దాటి, టీ4 తక్కువగా ఉంటే మాత్రం వదలకండి, అది నిజమైన హైపోథైరాయిడ్ కావచ్చు, పసిబిడ్డల్లో అయితే ఆలస్యం చేస్తే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టిన మొదటి రోజు టీఎస్‌హెచ్ అందరికీ బాగా పెరిగి ఉంటుంది, అందుకే రెండు మూడు రోజులు ఆగి చూస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఆలస్యంగా పెరగొచ్చు కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకో చిక్కు, జబ్బు తగ్గి కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ కొన్నాళ్లు 20 దాకా పెరిగి మళ్లీ దిగొచ్చు. అందుకే డాక్టరు "ఇప్పుడు మందు వద్దు, తర్వాత మళ్లీ చూద్దాం" అంటే అది నిర్లక్ష్యం అనుకోకండి.

రివర్స్ టీ3 పరీక్షకు బయట ల్యాబుకు పంపమంటే ఎందుకని అడగండి. దాని వల్ల వైద్యం మారే సందర్భాలు అరుదు, డబ్బులు మాత్రం తప్పకుండా మారతాయి.

అదే కాగితంలో ప్రొకాల్సిటోనిన్ అని ఇంకో వరస కనిపించొచ్చు. పేరు చూసి దాన్నీ థైరాయిడ్ లెక్కలో వేసేస్తారు జనం. కాల్సిటోనిన్ అనే హార్మోన్‌కు అది ముందు రూపమే, అయినా ఒంట్లో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు రకరకాల కణాలు దాన్ని వదులుతాయి. ఐసీయూలో దాన్ని చూసేది ఇన్‌ఫెక్షన్ కోసమే.

4. కార్టిసాల్

ఆరోగ్యంగా ఉన్నప్పుడు కార్టిసాల్ పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ. జబ్బు తీవ్రమైతే ఈ తేడా పోతుంది, ఎప్పుడు చూసినా ఎక్కువే. కాబట్టి ఐసీయూలో "ఎక్కువ" అన్న గుర్తు మంచి పనే జరుగుతోందని చెబుతుంది, ఒళ్లు పోరాడుతోంది. చాలా ఎక్కువగా ఉంటే జబ్బు అంత పెద్దదని, బీపీ పడిపోతున్న బిడ్డలో ఉండాల్సినంత లేకపోతే అడ్రినల్ చేతులెత్తేసిందేమో అని అనుమానం.

ఇక్కడ గీత ఎక్కడ గీయాలనేది డాక్టర్లలోనే వాదన. రక్తంలో కార్టిసాల్‌లో ఎక్కువ భాగం ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది, డెంగీలాగా రక్తనాళాల నుంచి నీరు కారిపోయే జబ్బుల్లో, ఆల్బుమిన్ అనే రక్తపు ప్రొటీన్ పడిపోయిన బిడ్డల్లో, మొత్తం కార్టిసాల్ తక్కువ చూపించినా పనిచేసే భాగం సరిపడా ఉండొచ్చు. అందుకే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) పిల్లల గురించి 2020లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు అంకెను పట్టుకుని వేలాడవు: సెలైన్, బీపీ మందులతో బీపీ నిలబడితే హైడ్రోకార్టిసోన్ వద్దంటాయి, నిలబడకపోతే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, డాక్టరు నిర్ణయం. ముందు నుంచి స్టెరాయిడ్ వాడిన బిడ్డ సంగతి వేరు, పైన చెప్పానుగా.

5. "తగ్గింది కదా, ఎక్కించండి" అని ఒత్తిడి చేయకండి

ఇది మీకంటే మీ బంధువుల్లో కాస్త చదువుకున్నవాళ్ల కోసం. తగ్గిన హార్మోన్‌ను నింపితే బాగుపడతారన్న ఆలోచన డాక్టర్లకూ వచ్చింది, ప్రయత్నించారు కూడా. ఐసీయూలో ఉన్న పెద్దవాళ్లకు గ్రోత్ హార్మోన్ ఇచ్చి చూసిన పరిశీలనల ఫలితం 1999లో వచ్చింది, మందు తీసుకున్నవాళ్లలో చావులు దాదాపు రెట్టింపయ్యాయి. గుండె ఆపరేషన్ అయిన రెండేళ్ల లోపు పిల్లలకు టీ3 ఇచ్చిన పరిశీలన 2010లో వచ్చింది, అందులో 5 నెలల లోపు పసిబిడ్డలకు వెంటిలేటర్ త్వరగా తీయగలిగారు, అంతకన్నా పెద్దవాళ్లకు ఆ లాభం లేదు. తిరుపతిలో టీటీడీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలోనో ఇంకెక్కడో గుండె ఆపరేషన్ చేయించుకునే పసిబిడ్డ తల్లిదండ్రులు సర్జన్‌ను దీని గురించి అడగొచ్చు. మిగతా జబ్బుల్లో థైరాయిడ్ మందు మామూలుగా ఇవ్వరు.

6. షుగర్ 240 అంటే డయాబెటిస్ వచ్చేసినట్టు కాదు

కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లన్నీ పెరిగితే షుగర్ పెరుగుతుంది, పైగా ఎక్కుతున్న సెలైన్‌లో గ్లూకోజు ఉండొచ్చు, స్టెరాయిడ్ ఇస్తుంటే ఇంకాస్త. చాలామందిలో జబ్బు తగ్గుతున్నకొద్దీ కొన్ని రోజుల్లో దిగిపోతుంది. అనుమానం తీరాలంటే కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వు కరిగించుకుంటే పుట్టేవి), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) చూడమని అడగండి, కాకపోతే రక్తం ఎక్కించిన తర్వాత చేసిన హెచ్‌బీఏ1సీని నమ్మలేం, కాబట్టి ముందే తీస్తే మంచిది. షుగర్‌ను వెంటనే నార్మల్‌కు తెమ్మని మాత్రం వెంటపడకండి. ఇన్సులిన్‌తో 80–110కి గట్టిగా దించిన పిల్లలకూ 150–180 దగ్గర ఉంచిన పిల్లలకూ పోలిక పెట్టిన పరిశీలన 2017లో వచ్చింది, గట్టిగా దించడం వల్ల లాభం లేదు, షుగర్ మరీ పడిపోవడం మాత్రం ఎక్కువైంది. పిల్లల మెదడుకు ఎక్కువ షుగర్ కన్నా తక్కువ షుగర్ భయం.

7. సోడియం తగ్గితే ఉప్పు పెట్టకండి, దొంగచాటుగా నీళ్లూ తాగించకండి

న్యుమోనియా, మెదడు జ్వరం, స్క్రబ్ టైఫస్ లాంటి వాటిలో ఏడీహెచ్ అనే హార్మోన్ అవసరం లేకపోయినా ఎక్కువ విడుదలవుతుంది. అది కిడ్నీకి నీళ్లు పట్టి ఉంచమని చెబుతుంది, ఒంట్లో నీరు ఎక్కువై ఉప్పు పలచబడుతుంది. 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 125 కిందికి వస్తే ఫిట్స్ రావచ్చు. ఇందుకే డాక్టరు నీళ్లు తగ్గిస్తారు, ఎక్కించేది కూడా ఉప్పు శాతం సరిపోయే సెలైనే. ఇది అర్థం కాక, బిడ్డ "నీళ్లు" అని ఏడిస్తే చూడలేక, ఐసీయూ నుంచి స్టెప్‌డౌన్ వార్డుకు రాగానే టెంకాయ నీళ్లు తాగించే అమ్మలు ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ టెంకాయ నీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీ లేదా అడ్రినల్ దెబ్బతిన్న బిడ్డకు అది గుండె మీదికి రావచ్చు. ఏది తాగించాలన్నా ముందు సిస్టర్‌ను అడగండి.

సోడియం తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఇంట్లో వాంతులు, విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ఎలా కలిపారో నిజం చెప్పండి. లీటరు నీళ్లకు వేయాల్సిన పెద్ద ప్యాకెట్‌ను రెండు లీటర్లలో కలిపితే సోడియం తగ్గొచ్చు, గ్లాసులో కలిపితే పెరగొచ్చు.

8. తీవ్రత ఎంతో తెలుసుకోవాలంటే అడగాల్సినవి

జబ్బు తీవ్రత లెక్కగట్టడానికి డాక్టర్ల దగ్గర స్కోర్లు ఉన్నాయి. 1996 నాటి ప్రిజమ్-3, 2013 నాటి పిమ్-3, సెప్సిస్ కోసం 2024లో వచ్చిన ఫీనిక్స్. వీటిలో దేన్లోనూ థైరాయిడ్, కార్టిసాల్ అంకెలు లేవు. ఫీనిక్స్ చూసేది నాలుగు: ఊపిరి, రక్త ప్రసరణ, రక్తం గడ్డకట్టడం, మెదడు. ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డకు అందులో 2 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సెప్సిస్ అంటారు.

మీరు స్కోరు అడగక్కర్లేదు. రౌండ్స్ అయిపోయాక పెద్ద డాక్టరును ఇలా అడగండి: నిన్నటికంటే బీపీ మందు డోసు తగ్గిందా పెరిగిందా, ఆక్సిజన్ ఎంత శాతం మీద ఉంది, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) దిగుతోందా, పిలిస్తే పలుకుతోందా, ఒంటేలు ఎంత పోసింది. చివరిది మీరే లెక్క వేసుకోవచ్చు, కిలో బరువుకు గంటకు 1 మిల్లీలీటరు చొప్పున పోయాలి, అంటే 10 కిలోల బిడ్డ రోజుకు 240 మిల్లీలీటర్ల దాకా. ఇందులో సగం కూడా లేకపోతే ఆందోళన పడాల్సిన సంగతే. నోటు పుస్తకంలో ఈ ఐదూ రోజూ ఒకే వేళకు రాస్తే జబ్బు ఎటు పోతోందో వాట్సాప్ గ్రూపుల కన్నా మీకే బాగా తెలుస్తుంది.

హార్మోన్ అంకెలు లేకుండానే తీవ్రత తేల్చొచ్చు అనడానికి తేలు కాటు మంచి ఉదాహరణ. చెనక్కాయ చేలల్లో, రాళ్ల గట్ల దగ్గర ఎర్ర తేలు కుడితే ఒంట్లో అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ వరదలా విడుదలవుతాయి. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు మంచులా చల్లబడటం, బీపీ పెరగడం, గుండె అలిసి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇంత హార్మోన్ తుఫానులోనూ ఆ హార్మోన్లను ఎవరూ కొలవరు, అవసరమే లేదు. కళ్లకు కనపడే లక్షణాలతోనే తీవ్రత తేల్చి ప్రాజోసిన్ మాత్ర మొదలుపెడతారు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ మందు వాడకం మొదలుపెట్టాక తేలు కాటు చావులు బాగా తగ్గాయి. ఇక్కడ మీ పని కుట్టిన టైము గుర్తుపెట్టుకోవడం, మంత్రానికీ సున్నం పట్టుకీ సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేయడం.

9. "మీ బిడ్డ రక్తం మా స్టడీకి కావాలి" అని అడిగితే

మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పీజీ డాక్టర్లు ఇదే విషయం మీద, హార్మోన్లకూ జబ్బు తీవ్రతకూ ఉన్న సంబంధం మీద, థీసిస్ చేస్తుంటారు. భయపడాల్సింది లేదు, ఇలాంటివి చేయబట్టే పైన చెప్పినవన్నీ తెలిశాయి. సంతకం పెట్టే ముందు అడగండి: ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, అదనంగా ఎంత రక్తం, వేరే సూది పొడవాలా లేక మామూలు పరీక్షలకు తీసినప్పుడే కలిపి తీస్తారా, ఖర్చు ఎవరిది. స్టడీ కోసం చేసే పరీక్షకు మీరు డబ్బు కట్టక్కర్లేదు. కాగితం తెలుగులో ఉండాలి, మీకు అర్థమయ్యేలా చెప్పాలి. ఏడేళ్లు దాటిన బిడ్డ మెలకువగా ఉంటే వాళ్ల ఒప్పుకోలూ అడగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నియమం. వద్దంటే వైద్యంలో ఏ తేడా రాకూడదు. నన్నడిగితే, అదనపు సూది లేకపోతే ఒప్పుకోవడమే మంచిది.

10. డిశ్చార్జి రోజు

ఇంటికి పోయే హడావుడిలో ఇది మరిచిపోతారు. సమ్మరీలో హార్మోన్ పరీక్షలు తీసిన తేదీలు, అప్పుడు నడుస్తున్న మందులు రాయించుకోండి. థైరాయిడ్ తేడా ఉంటే దాదాపు ఆరు వారాల తర్వాత, బిడ్డ తిండి తింటూ ఆడుకుంటున్నప్పుడు మళ్లీ చేయించండి, దారిలో ప్యాకేజీ ల్యాబులు పిలిచాయని వారానికోసారి చేయించకండి. షుగర్ పెరిగిన బిడ్డకు ఇంటికి పోయాక దాహం, పక్క తడపడం కనిపిస్తే వెంటనే చూపించాలి.

అడ్రినల్ సమస్య తేలిన బిడ్డకు లేదా స్టెరాయిడ్ ఇంకా వాడుతున్న బిడ్డకు "జ్వరం రోజుల చీటీ" విడిగా అడిగి తీసుకోండి. సాధారణంగా జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ మాత్ర రెండు మూడు రెట్లు చేయమంటారు. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్, మూడేళ్ల లోపు 25 మిల్లీగ్రాములు, 3 నుంచి 12 ఏళ్ల దాకా 50, ఆ పైన 100. మీ బిడ్డకు ఎంతో మీ డాక్టరు చేతే రాయించుకోండి. స్టెరాయిడ్ మాత్రలు అయిపోయాయని సొంతంగా ఆపకండి, తగ్గించుకుంటూ పోవాలి. ఆ చీటీకి మూడు జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి బడి సంచిలో, ఒకటి మీ ఊరి ఆశా వర్కరు దగ్గర ఉంచండి, ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి, ఎందుకంటే రాత్రి పూట 108 వచ్చినప్పుడు బీరువా తాళాలు వెతికే టైము ఉండదు.